వాలుబెంచీ

మా బావని ఆ భవనంలో అందరూ జల్లెడ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి ఎదురుగా అనే హక్కు నాకొక్కదానికే ఉండేది. మరదలిని కదా, పడక తప్పదు. మూతి ముడుచుకుని పడేవాడు.

పేరు ఊరికే పెట్టలేదు. నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసు భవనం అది, పై అంతస్తు చూడాలంటే మెడ పట్టేస్తుంది. కింద పెద్ద లాబీ. లాబీలో నల్లరాతి బల్ల. బల్ల వెనక మా బావ. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ ఆయన జల్లించి పంపేవాడు. అందరిలా ముఖాలు చూసేవాడు కాదు, కాళ్ళు చూసేవాడు. "ముఖం కడుక్కుంటే ఎవడైనా పెద్దమనిషే. చెప్పులు అబద్ధమాడవు" అనేవాడు. బూట్లు మెరిశాయా, లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సార్". మడమల దగ్గర అరిగిన చెప్పులా, "ఎవరు కావాలి? ఎందుకు? ఫోన్ చేసి చెప్పారా? లేదా? అయితే బయట నిలబడు". అక్కడొక తోలు సోఫా ఉండేది. రోజూ దాన్ని తుడిచేదాన్ని గానీ, దానిమీద ఎవరైనా కూర్చోగా చూసింది తక్కువే.

తుడిచేదాన్ని అన్నాను కదా, నేను అక్కడ నేలలూ అద్దాలూ తుడిచే మనిషిని. ఆ పని ఇప్పించింది బావే. ఇప్పించిన రోజునే చెప్పాడు, "నువ్వు వెనక తలుపు నుంచి రావాలి. లాబీలో నన్ను బావా అని పిలవకూడదు" అని. సరేనన్నాను. మర్నాడే నడి లాబీలో చీపురు పట్టుకుని, "బావా, కాస్త కాళ్ళెత్తండి" అన్నాను. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నాకేం నష్టం, హాయిగా ఉంది.

పుట్టుకతో కాపలాదారేం కాదు ఆయన. ఆ భవనం కట్టేటప్పుడు కూలికి రాళ్ళు మోశాడు. ఆ నల్లరాతి బల్లని మోసినవాళ్ళలో తనూ ఒకడు. దాని కింద పడి నలిగిన చిటికెనవేలికి ఇప్పటికీ గోరు లేదు. ప్రారంభం రోజున తలుపు తీయడానికి పొడుగాటి మనిషి కావాల్సొచ్చి, ఈయనకి దుమ్ము దులిపి కోటు తొడిగి నిలబెట్టారు. ఆ కోటు ఇక విప్పలేదు. కొన్నాళ్ళకి, కలిసి రాళ్ళు మోసిన మేస్త్రీ అటుగా పోతూ, మంచినీళ్ళు తాగి వెళ్దామని లోపలికి రాబోయాడట. బావ అడ్డం నిలబడ్డాడు. "ఏరా, అప్పుడే మమ్మల్ని మర్చిపోయావా?" అన్నాడట మేస్త్రీ. "మర్చిపోలేదు. తెలుసు కాబట్టే ఆపుతున్నా" అన్నాడట మా బావ. ఈ సంగతి తన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ గొప్పగా చెప్పుకునేవాడు. నేనైతే ఆ మాట విన్నప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

మా అక్క మాత్రం పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ వినేది. అదంతే. ఆయన పగలు రాత్రంటే ఇదీ రాత్రే అనేది. పిల్లలు లేరు. పొద్దున్న లేచింది మొదలు ఆయన కోటు, ఆయన బూట్లు, ఆయన కారియరు. మధ్యాహ్నం భోజనం కారియరులో సర్దుకుని, ఎండైనా వానైనా నడిచి వచ్చి, భవనం బయట స్తంభం పక్కన నిలబడేది. లోపలికి రాకూడదు. పనిమీద వచ్చినవాళ్ళకే ప్రవేశం అని బావ నియమం, మొగుడికి అన్నం తేవడం పని కిందికి రాదట. ఆయనకి తీరిక దొరికినప్పుడు బయటికొచ్చి కారియరు అందుకునేవాడు. అందాకా అక్క అలా నిలబడే ఉండేది. నిలబడి నిలబడి మోకాళ్ళు వాచిపోయాయి.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "బావా, ఆ సోఫా పొద్దస్తమానం ఖాళీగానే ఉంటుంది కదా. అక్క కాసేపు కూర్చుంటే అరిగిపోతుందా?"

"ఇవాళ మీ అక్కని కూర్చోపెడితే రేపు కరెంటువాడు వాళ్ళ అత్తగారిని కూర్చోపెడతాడు" అన్నాడు.

"కూర్చోపెట్టనివ్వండి. మీ అత్తగారు కాదుగా."

"నీకు ఉద్యోగమంటే ఏంటో తెలీదు" అని ముఖం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క మోకాళ్ళకి నూనె రాస్తూ నేను బావని తిడుతుంటే అక్క నన్నే కసిరింది. "పోనీలేవే, ఆయన ఉద్యోగం ఆయనది." ఆ తర్వాత ఏదో తప్పు మాట అంటున్నట్టు గొంతు తగ్గించి, "ఒక్కసారి మాత్రం ఆ లోపల కూర్చోవాలని ఉందే. తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి వస్తుంది చూడు, అది ముఖానికి తగిలేలా. అంతే" అంది.

ఇలా ఉండగా భవనం చేతులు మారింది. పాత ఆఫీసులు ఒక్కొక్కటే ఖాళీ చేసి పోయాయి, లోపలికి అడుగుపెడితేనే భయంగా ఉందట జనానికి. కొత్త యజమానులు ఒక మేనేజర్ని పంపారు. ఆయన ఏ మాటైనా నవ్వుతూనే అనేవాడు. మొదటి వారంలోనే నవ్వుతూ కరెంటాయన్నీ, వంటాయన్నీ, తోటాయన్నీ పంపించేశాడు. పాతవాళ్ళలో నేనూ బావా మిగిలాం. నన్నెందుకు ఉంచారంటే, గోడలు పగలగొట్టబోతున్నారు, దుమ్ము ఎత్తేవాళ్ళు ఎవరైనా కావాలి కదా.

మా ఇద్దరినీ నిలబెట్టి మేనేజరు చెప్పాడు. "ఇకమీద ఈ లాబీ అందరిదీ. దారిన పోయేవాళ్ళు ఎవరైనా లోపలికి రావచ్చు. కూర్చోవచ్చు, నీళ్ళు తాగొచ్చు, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఏ పనిమీద వచ్చావని ఎవరినీ అడగం."

బావ ముఖాన నెత్తురుచుక్క లేదు. "మరి నేనేం చేయాలి సార్?"

"ఎదురెళ్ళి రండి, కూర్చోండి అంటారు."

"ఎవరిని సార్?"

"అందరినీ." మేనేజరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీకు కష్టమనిపిస్తే ఇప్పుడే చెప్పండి. నవ్వు ముఖం ఉన్న అమ్మాయిని పంపిస్తామని ఏజెన్సీవాళ్ళు వెంటపడుతున్నారు."

"కష్టమేం లేదు సార్" అన్నాడు బావ. ఆ వయసులో ఇంకో గుమ్మం ఎవరిస్తారు ఆయనకి? రాళ్ళు మోసే నడుమూ కాదు, చదువూ లేదు, వచ్చిన విద్యల్లా మనుషుల్ని ఆపడం. ఆ ఉద్యోగం పోతే ఆయన ఏమీ కాదు. అది ఆయనకి తెలుసు, అక్కకి తెలుసు, నాకూ తెలుసు.

అక్క మాత్రం పండగ చేసుకున్నంత సంబరపడింది. "ఎవరైనా రావచ్చన్నారా? నిజంగా ఎవరైనానా?" అని నన్ను పదేపదే అడిగింది.

పని మొదలైంది. నల్లటి అద్దాలు ఊడదీసి తెల్లవి బిగించారు. పైకప్పు పలకలు రాలగొట్టారు. బరువైన పాత తలుపు పీకేసి, మనిషిని చూడగానే దానంతటదే జరిగే తలుపు పెట్టారు. నేను ఒక పక్క తుడుస్తుంటే ఇంకో పక్క దుమ్ము పేరుకునేది, ఇంటికెళ్ళి తల కడిగితే బురద కారేది. చివరికి నల్లరాతి బల్ల వంతు వచ్చింది. డ్రిల్లు పెట్టి ముక్కలు చేస్తుంటే బావ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఒక ముక్క మోసుకుపోతున్న కుర్ర కూలీ, "అన్నా, కాస్త పక్కకి జరుగు" అన్నాడు. జరిగాడు. గోరు లేని వేలిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు. నాకు ఆయనమీద జాలి వేసింది. ఆ జాలి ఆ మధ్యాహ్నానికే ఆవిరైపోయింది.

ఎందుకంటే మధ్యాహ్నం నమూనా బెంచీలు వచ్చాయి. రకరకాల బెంచీలు వరసగా పెట్టించి, ఏవి ఉంచాలో చూడమన్నారు. కొత్త లాబీని డిజైను చేసిన ఆవిడ మెత్తటివి కావాలంది. మేనేజరు మెత్తగా నవ్వి, "జనం రావాలి. అలాగని ఇక్కడే కాపురం పెట్టకూడదు కదా" అన్నాడు. ఆ మాటతో మా బావ ప్రాణం లేచొచ్చింది. ముందుకొచ్చి, ప్రతి బెంచీమీదా కూర్చుని లేచి, ఒకదాన్ని చూపించాడు. చెక్కబెంచీ, చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ ముందుకి వాలు. కూర్చుంటే కాళ్ళు బిగబట్టి ఆనించుకోవాలి, లేకపోతే జారిపోతాం.

"ఇవి పెట్టించండి సార్. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దీనిమీద నిలవలేరు. పనీపాటా లేకుండా వచ్చి కూర్చునేది వాళ్ళే కదా" అన్నాడు.

మేనేజరు ఆయన భుజం తట్టాడు. డిజైనావిడ తలదించుకుని ఫోన్లో ఏదో చూసుకుంది. నేను బకెట్టు ఎత్తి నేలమీద గట్టిగా కొట్టాను. ఎవరూ పట్టించుకోలేదు.

అక్కావాళ్ళింటికి వెళ్ళి అక్కతో చెప్పాను. దాచలేదు, దాచే అలవాటు నాకు లేదు. అక్క వింటూ ఒళ్ళో పరుచుకున్న బావ కోటుకి గుండీ కుడుతోంది. "నన్ను మనసులో పెట్టుకుని అని ఉండరులే. ఆయనకి ఉద్యోగం నిలబెట్టుకోవాలని ఆత్రం" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆత్రం ఉంటే పెళ్ళాం మోకాళ్ళే దొరికాయా?

ఇక నవ్వు నేర్చుకోవడం ఒకటి. ఆ తతంగం చూసి తీరాల్సిందే. సాయంత్రం పూట బావ అద్దం ముందు నిలబడి పెదాలు సాగదీసేవాడు. పళ్ళు కనిపించేవి, కళ్ళు మాత్రం పాత కళ్ళే, గుడ్లురిమి చూసే కళ్ళు. అక్క పక్కన నిలబడి నేర్పేది. "నన్ను చూసి నవ్వండి. నేను లోపలికి వస్తున్నాననుకోండి."

"నువ్వెందుకొస్తావు?" అనేవాడు.

"అనుకోండి, అంటున్నానుగా."

"బావా, పంటినొప్పి వచ్చినవాడిలా ఉన్నారు. కాస్త తగ్గించండి" అనేదాన్ని నేను. అక్క పకపకా నవ్వేది. ఆ నవ్వు చూసి చూసి బావ ఎలాగో నేర్చుకున్నాడు. ఆ కొత్త నవ్వు అక్క పెట్టిన భిక్షే, ఇది గుర్తుంచుకోండి.

ప్రారంభానికి ముందురోజు మేనేజరు పిలిచి చివరి మాట చెప్పాడు. "రేపటి నుంచి కొన్నాళ్ళు మా మనుషులు మామూలు జనంలా వచ్చి పోతుంటారు. వాళ్ళెవరో మీకు తెలియదు. మీరు ఎలా చూశారో వాళ్ళు చెప్పేదాన్ని బట్టే మిమ్మల్ని ఉంచాలా వద్దా అన్నది."

బావ రాత్రంతా ఆలోచించి ఒక తెలివైన నిర్ణయానికొచ్చాడు. పరీక్షకి వచ్చేవాళ్ళు మారువేషంలో వస్తారు. మారువేషమంటే చిరుగుబట్టలూ తెగిన చెప్పులూనే. కాబట్టి చెప్పులు ఎంత అరిగి ఉంటే మనిషి అంత పెద్దవాడన్నమాట. జల్లెడని బోర్లించాడు అంతే, పారేయలేదు.

మర్నాడు తలుపులు తెరిచారు. ఆ చోటు బాగుందంటే బాగుంది, కాదనను. వెలుతురు నేలమీద పడుతోంది, కుండీల్లో మొక్కలు, ఒక పక్క ఎక్కి కూర్చోవడానికి చెక్కమెట్లు, నీళ్ళ కుళాయి. జనం మొదట తలుపు దగ్గరే తచ్చాడారు. ఒకాయన రబ్బరు చెప్పుకి పిన్నీసు గుచ్చుకుని వచ్చాడు. మా బావ పరిగెత్తాడు. "రండి సార్, రండి" అని చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోపెట్టి, తన చేత్తో నీళ్ళు పట్టి ఇచ్చాడు. ఆయనేమో తనని ఎవరనుకుంటున్నారో తెలియక నీళ్ళు సగం మీద పోసుకున్నాడు. మెరిసే బూట్లవాళ్ళు వస్తే బావ తల మాత్రం ఊపాడు. ఒక ముసలామె ఉత్తకాళ్ళతో వస్తే ఏకంగా వంగిపోయాడు. నాకు నవ్వాగక మొక్కల వెనక్కి పోయాను.

మధ్యాహ్నం అక్క వచ్చింది. తలంటుకుని, పెట్టెలో దాచుకున్న బట్టలు కట్టుకుని వచ్చింది. కాళ్ళకి నా కొత్త చెప్పులు. పొద్దున్నే నన్నడిగి తీసుకుంది, "మీ బావ కాళ్ళు చూస్తారు కదే" అని. స్తంభం దగ్గర అలవాటుగా ఒక్క క్షణం ఆగింది. తర్వాత తలుపు వైపు అడుగేసింది. తలుపు తనంతట తనే జరిగితే ఉలిక్కిపడి, తననే పిలిచినట్టు నవ్వుకుంది. బావ అప్పుడు అటువైపు తిరిగి ఎవరికో కుళాయి చూపిస్తున్నాడు. అక్క మెల్లగా వచ్చి వాలుబెంచీమీద కూర్చుంది. జారుతోంది, కాళ్ళు తన్నిపెట్టుకుంది. కారియరు ఒళ్ళో పెట్టుకుని, పైనుంచి వచ్చే చల్లగాలికి ముఖం ఎత్తి కళ్ళు మూసుకుంది. మా అక్క ముఖంలో అంత సుఖం నేను పెళ్ళినాడు కూడా చూడలేదు.

బావ చూశాడు. వచ్చి పక్కన వంగాడు, నవ్వు చెదరకుండా పళ్ళ మధ్య నుంచి అన్నాడు, "ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"అందరూ కూర్చోవచ్చన్నారుగా" అంది అక్క.

"అందరూ అంటే నువ్వా? లే. వాళ్ళ మనుషులు చూస్తుంటారు. పెళ్ళాన్ని తెచ్చి కూర్చోపెట్టుకున్నాడంటారు. స్తంభం దగ్గరికి పో, వస్తాను."

ఆ లాబీలో ఉన్న వాళ్ళందరిలో పరీక్షకి వచ్చిన మనిషి కాదని ఆయనకి ఖాయంగా తెలిసింది ఒక్క మా అక్క గురించే. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా?

"మోకాళ్ళు పట్టేశాయండీ. కాసేపు కూర్చుని పోతాను" అంది.

బావ ఆమె మోచెయ్యి పట్టుకుని లేపాడు. ఒళ్ళో కారియరు జారి కిందపడింది. పై గిన్నె మూత ఊడి, నేలంతా గణగణలాడుకుంటూ చెక్కమెట్ల దాకా దొర్లింది. అందరూ తలలు తిప్పారు. మెట్లమీద కూర్చుని ఉన్న మేనేజరు ఆ మూత అందుకుని లేచి వచ్చాడు.

"ఏమైంది? ఆమెని ఎందుకు లేపుతున్నారు?"

బావ చెయ్యి వదిలేశాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆయన నవ్వు పోయింది. "ఎవరో సార్. నాకు తెలీదు. మతి సరిగా లేనట్టుంది. తిండి తెచ్చుకుని ఇక్కడ పెట్టుకుంటోంది, మిగతావాళ్ళకి ఇబ్బందని..." అన్నాడు.

నేను తుడుపుకర్ర పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నా నోరు తెరుచుకుంది. నా నోటి సంగతి మీకీపాటికి తెలిసే ఉంటుంది, తెరిస్తే మూతపడదు. కానీ అక్క నావైపు చూసింది. చిన్నప్పుడు అమ్మ ముందు నేనేదైనా వాగబోతే చూసే చూపు అది. నోరు మూసుకున్నాను.

కారు దిగి నేరుగా లోపలికి పోయే మేనేజరు, స్తంభం దగ్గర నిలబడే మనిషిని ఎన్నడూ చూసి ఉండడు. మూత అక్క చేతికిచ్చాడు. "క్షమించండమ్మా. ఈయన మీతో దురుసుగా ఉన్నారా? చెప్పండి, భయం లేదు."

ఔనని ఒక్క మాట అంటే బావ పని ఆ పూటతో సరి. అక్క ఆయన ముఖం చూడలేదు. తల వంచి ఆయన బూట్లు చూసింది. పొద్దున వాటికి పాలిష్ పెట్టింది తనే. చాలాసేపు చూసింది.

"లేదండీ" అంది. "ఆయన తప్పేం లేదు. నేనెవరో ఆయనకి తెలీదు, ఆయనెవరో నాకు తెలీదు. ఇక్కడికి ఎవరైనా రావచ్చని విని వచ్చాను. రోజూ రావచ్చా?"

"తప్పకుండా రండి" అన్నాడు మేనేజరు. బావ వైపు తిరిగి నవ్వుతూ, "ఈమె ఎప్పుడొచ్చినా మీరే తలుపు దాకా ఎదురెళ్ళి తీసుకొచ్చి కూర్చోపెట్టాలి. అందులో ఒక్కరోజు లోటు కనిపించినా నేను ఏజెన్సీకి ఫోన్ చేస్తాను" అన్నాడు.

"అలాగే సార్" అన్నాడు బావ. ఉద్యోగం నిలబడింది.

అక్క మళ్ళీ కూర్చుంది. కారియరు విప్పి, బావకని తెచ్చిన భోజనం ఆయన ఎదురుగానే, తొందర లేకుండా, చివరి మెతుకు దాకా తినేసింది. బావ ఆ పూట పస్తు.

ఆ సాయంత్రం అక్క నేరుగా మా ఇంటికి వచ్చింది. ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు. నేనే ఇద్దరి తరఫునా ఏడ్చాను. పొద్దుగూకుతుండగా బావ వచ్చి తలుపు కొట్టాడు. అక్కే వెళ్ళి తీసింది.

"ఎవరు కావాలండీ?"

"ఏమిటే ఈ వేళాకోళం. ఇంటికి పద" అన్నాడు.

"ఎందుకొచ్చారు? ఫోన్ చేసి చెప్పారా? లేదా? అయితే బయట నిలబడండి" అంది అక్క. తలుపు వేసేసింది.

నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బతిమాలాడు. "ఉద్యోగం పోతుందని భయపడి అన్నానే. ఆ ఉద్యోగం ఎవరికోసం, నీకోసం కాదా?" అన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. అక్క లోపల నాకు జడ వేస్తూ కూర్చుంది, జడ ఎక్కడా వంకర పోలేదు. "ఆ వచ్చినాయన్ని ఇంటికి వెళ్ళమను, చీకటి పడుతోంది" అంది నాతో.

మర్నాడు నన్ను పంపి తన సామాను తెప్పించుకుంది. బట్టలు, మోకాళ్ళ నూనె, కారియరు. వాటితో పాటు బావ పాత కోటు, ఆ నల్లబల్ల వెనక తొడుక్కున్నది. కోటెందుకే అన్నాను. "మెత్తగా ఉంటుంది" అంది.

అప్పటినుంచి ఇదే వరస. మధ్యాహ్నం అవుతూనే అక్క వస్తుంది. బావ తలుపు దాకా ఎదురెళ్తాడు. "రండి, కూర్చోండి" అంటాడు. అక్క ఆయన కోటు నాలుగు మడతలు వేసి వాలుబెంచీమీద పరుచుకుని కూర్చుంటుంది. కారియరు విప్పి తింటుంది. బావ అటూ ఇటూ తిరుగుతూ, ఆకలి కడుపుతో, అక్క నేర్పిన నవ్వు నవ్వుతూ ఉంటాడు. వంట రాదు ఆయనకి, బన్ను కొనుక్కుని వెనక తలుపు దగ్గర నిలబడి తినడం నేను చూశాను. నేను వచ్చే తలుపే అది.

ఒకరోజు నీళ్ళు అందిస్తూ వంగి, నవ్వుతూనే, "ఇంటికి రావే. చచ్చిపోతున్నాను" అన్నాడు. నాకు వినిపించింది.

అక్క అందరికీ వినబడేలా, మర్యాదగా, "ఇంకొంచెం చల్లటి నీళ్ళుంటే ఇప్పిస్తారా అండీ?" అంది. తెచ్చాడు.

ఆ బెంచీ అక్క మోకాళ్ళని తినేస్తోంది. మా ఇంటి మెట్లు ఇప్పుడు కూర్చుని కూర్చుని ఎక్కుతోంది. "నీ పంతం పాడుగాను, మానెయ్యవే. ఆయన్ని ఏడిపించడానికి నువ్వు కాళ్ళు పోగొట్టుకుంటావా?" అని తిట్టాను. "ఏడిపించడానికి కాదే. అది నా చోటు. అన్నేళ్ళు బయట నిలబడి సంపాదించుకున్నాను" అంది.

బావ కూడా చూస్తూనే ఉన్నాడు కదా. ఒకరోజు మేనేజరు దగ్గరికెళ్ళి ఆ బెంచీలు మార్చమని అడిగాడు. మేనేజరు ఆశ్చర్యపోయాడు. "ఎంచింది మీరే కదా. బాగా పనిచేస్తున్నాయి. ఎవరూ ఎక్కువసేపు ఉండటం లేదు, వస్తున్నారు, పోతున్నారు. ఆవిడ ఒక్కరే లేవరు. ఒక్కరికోసం అన్నీ ఎలా మారుస్తాం?" అన్నాడు. బావ మళ్ళీ అడగలేదు.

మొన్న ఒక ఫొటోగ్రాఫరు వచ్చి లాబీ ఫొటోలు తీసుకుని వెళ్ళాడు. వాటిలో ఒకటి మేనేజరుకి తెగ నచ్చేసింది. మనిషెత్తున వేయించి, అద్దం బిగించి, తలుపు పక్కనే పెట్టించాడు. అందులో మా అక్క బెంచీమీద కూర్చుని ఉంది, బావ వంగి నవ్వుతూ నీళ్ళ గ్లాసు అందిస్తున్నాడు. కింద పెద్ద అక్షరాలతో, "ఇక్కడ ఎవరూ పరాయివాళ్ళు కారు" అని రాయించారు. వాళ్ళిద్దరూ కలిసి దిగిన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. ఉన్నది ఇదే.

ఆ అద్దం రోజూ తుడిచేది నేనే. ఇవాళ బకెట్టు తీసుకుని వెళ్ళేసరికి బావ దాని ముందు నిలబడి ఉన్నాడు. అక్క రావడానికి ఇంకా వేళ కాలేదు. ఫొటోలో ఆయన చేతిలో గ్లాసు ఉన్నచోట, అక్క వేళ్ళు తగులుతున్న చోట, ఆ గోరు లేని వేలు ఆనించి ఉంచాడు. అద్దం మీద మరక పడింది.

"బావా, కాస్త పక్కకి జరగండి, తుడవాలి" అన్నాను, నడి లాబీలో, అందరూ వినేలా.

అలా పిలవొద్దని అనలేదు. జరిగాడు.